సోమవారం తేదీ

"ఒక్క నిమిషం చూడమ్మా, నీకు చెయ్యి తిరిగిన పనే కదా."

ఆఫీసులో నేను రోజుకి నాలుగుసార్లు వినే మాట ఇది. మాది నీళ్ళు పరీక్షించి రిపోర్టులిచ్చే చిన్న ల్యాబు. సీసాల్లో వచ్చిన నీళ్ళకు చీటీలు అంటించి లోపలికి పంపడం నా ఉద్యోగం. కంప్యూటర్లు బాగుచెయ్యడం కాదు. కానీ అక్కడున్న ఆరు కంప్యూటర్లూ నా పెళ్ళినాటివి, అలిగినప్పుడల్లా బుజ్జగించాల్సింది నేనే. తెర నల్లగా ఉండిపోయి లోపలి నుంచి కూతలు పెడుతుంటే, మూత విప్పి మెమరీ పలకను బయటికి లాగి, దాని పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది గట్టిగా నొక్కితే లేచి కూర్చుంటుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంటే ఫ్యాను నిండా దుమ్ము పేరుకుందని అర్థం. ప్రింటరు పలక్కపోతే సగంసార్లు వైరు వదులై ఉంటుంది. ఇవేవీ నేను బడికెళ్ళి నేర్చుకోలేదు. మా ఆయన తన పాత కంప్యూటరు చెడిపోయినప్పుడల్లా "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని నా ముందు పెట్టి వెళ్ళేవారు. అలా ఒక్కో ఆదివారం ఒక్కో రోగం నేర్చుకున్నాను. బాగయ్యాక "హమ్మయ్య, అదే సర్దుకుంది" అనేవారు. అన్నం దానంతటదే ఉడికినట్టు.

రిపోర్టులు కొట్టేది టైపక్కయ్య. టైపు మిషను రోజుల్లో చేరింది కాబట్టి ఆ పేరు. ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఆరింటిలోనూ పాతది ఆమె కంప్యూటరే. రిపోర్టుల ప్రోగ్రాం అందులో తప్ప నడవదని దాన్ని మార్చలేదు, ఇంటర్నెట్టూ పెట్టలేదు. ఒక సోమవారం పొద్దున పిలిచింది.

"ఇదేదో ఇంగ్లీషులో తిడుతోందే, చూడు."

లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందని నల్ల తెర మీద ఒక వరుస కనిపిస్తోంది. చొక్కా గుండీ అంత ఉంటుంది ఆ బ్యాటరీ. కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటరు గడియారం నడిచేది దాని బలంతోనే. మార్చడానికి పది నిమిషాలు చాలు. కానీ నా బల్ల మీద నలభై సీసాలు కూర్చున్నాయి. "ఏం లేదక్కయ్యా, అది వచ్చినప్పుడల్లా ఈ మీట నొక్కెయ్యండి, పోతుంది" అన్నాను. హెచ్చరికను దాటెయ్యడం నేర్పాను. అది దేన్ని గురించో చెప్పలేదు.

ఆ వారమే మేనేజరు గదిలో మీటింగు జరిగింది. కంప్యూటర్ల కాంట్రాక్టు ఇంజనీరును అందరి ముందూ మెచ్చుకున్నారు. అన్నీ ఆయన చలవతోనే నడుస్తున్నాయట. ఆయన ఏడాదిలో వచ్చింది రెండుసార్లు. రెండోసారి టీ తాగి, నేను బాగుచేసినవాటి జాబితా నన్నే అడిగి రాసుకుని, కింద సంతకం పెట్టుకుని వెళ్ళాడు. నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ పని కూడా నా బాధ్యతల్లో రాయండి. సీసాల పని కొంచెం తగ్గించండి." మేనేజరు నవ్వాడు. "కుక్కరు గాస్కెట్టు మార్చినట్టు నాలుగు వైర్లు కదిపి ఇంజనీరునంటే ఎలాగమ్మా?" గదంతా నవ్వింది. అందరితోపాటు టైపక్కయ్య కూడా. ఇక ఈ ఆఫీసులో ఏ కంప్యూటరునూ ముట్టుకోనని ఆ సాయంత్రం బస్సులో ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ దాని దెబ్బ మేనేజరుకూ తగల్లేదు, ఇంజనీరుకూ తగల్లేదు.

కొన్నాళ్ళకు ఒక రిపోర్టు తిరిగొచ్చింది. పదమూడున, సోమవారం నాడు, తెచ్చిన నీళ్ళను పదకొండునే పరీక్షించినట్టు ఉంది అందులో. రిజిస్టరు తీసి చూస్తే అక్కడ చేత్తో రాసిందీ పదకొండే. మేనేజరు అక్కయ్యను హాలు మధ్యలో నిలబెట్టి, "ఇవాళేం తేదీయో కూడా తెలీదా మీకు?" అని అరిచాడు. నాకు మాత్రం అక్కడికక్కడే అర్థమైపోయింది. శనివారం సాయంత్రం వాచ్‌మన్ మెయిన్ కట్టేస్తాడు. మళ్ళీ సోమవారం పొద్దుటిదాకా కరెంటుండదు. బ్యాటరీలో తేదీని గుర్తుంచుకునే బలమే తప్ప గడియారాన్ని నడిపే బలం లేదు కాబట్టి అది శనివారం దగ్గరే ఆగిపోతుంది. అక్కయ్య తెర మూలనున్న తేదీ చూసి రిజిస్టరులో అదే వేసుకుంటుంది. తప్పింది గడియారం, ఆమె కాదు. నేను నోరు తెరిస్తే అక్కడితో అయిపోయేది. తెరవలేదు. పిలుచుకోండి మీ ఇంజనీరుని, అనుకున్నాను. లోపలెక్కడో కాస్త సంతోషం కూడా కలిగింది. దాచడమెందుకు, కలిగింది.

ఇంజనీరును ఎవరూ పిలవలేదు. కంప్యూటరు నడుస్తూనే ఉంది కదా, చెడింది ఆవిడేనని అందరూ తేల్చేశారు. ఎవరో ఒకరు తప్పు చూపించేవారు. తనే ఏదో నొక్కి ఉంటాననుకుని ఆమె తేదీ సరిచేసుకునేది. వారమంతా బాగానే నడిచేది. మళ్ళీ సోమవారం. "అక్కయ్యకి పై అంతస్తు ఖాళీ అయింది" అని జోకులు మొదలయ్యాయి. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. రెండో వారం, "మొదటి వారమే ఎందుకు చెప్పలేదు" అంటారని భయం. ఐదో వారానికి ఆ భయం ఐదింతలైంది. మాట్లాడకపోవడం కూడా పాచి లాంటిదే, ఎన్నాళ్ళుంటే అంత జారుడు.

ఒక మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటుంటే ఆమె ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకున్న తేదీ కనిపించింది. నేను చూడటం ఆమె చూసింది.

"ఇంట్లో కూడా తెలిసిపోయిందే. మేనేజరే మీ బావగారికి ఫోన్ చేశాడట, డాక్టరుకి చూపించమని. ఆ డాక్టరేమో మతి ఎలా ఉందో చూడాలని నాచేత గడియారం బొమ్మ గీయించాడు. భయానికి అదీ వంకరపోయింది." ముద్ద కలుపుతూ ఆగింది. "కోడలు చంటిదానికి నీళ్ళు పొయ్యనివ్వట్లేదు. పొయ్యి దగ్గరికెళ్తే మీ బావగారు వెనకాలే వచ్చి నిలబడుతున్నారు. వాళ్ళననుకుని ఏం లాభం? నాకే నా మీద నమ్మకం పోయింది."

అప్పుడైనా చెప్పాలి. "పెరుగు వేసుకోండక్కయ్యా" అన్నాను.

ఆ శనివారం ఒక కాగితం పట్టుకొచ్చింది. ఆరోగ్యం బాగాలేనందున ముందుగానే ఉద్యోగం విరమించుకుంటున్నానని రాసుంది. "నువ్వు కొట్టిపెట్టవే. నేను కొడితే దీన్లో కూడా తేదీ తప్పు పడుతుందేమో." ముప్పై మూడేళ్ళుగా అందరి ఉత్తరాలూ కొట్టిన మనిషి తన ఆఖరి ఉత్తరం నన్ను కొట్టమంటోంది. సోమవారం ఇస్తానని చెప్పి కాగితం తీసుకున్నాను.

ఆదివారం మా ఆయన కంప్యూటరు ముందేసుకుని, బ్రష్షుతో ఫ్యాను దుమ్ము దులుపుతూ ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన పేపరు దించలేదు. "నీకెందుకే అవన్నీ? అంత బాధగా ఉంటే ఎవరూ చూడకుండా ఆ బ్యాటరీ మార్చెయ్. పీడా పోతుంది." నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. కొత్త బ్యాటరీ కొని సంచిలో వేసుకున్నాను కూడా. అంట్లు తోముతుంటే తట్టింది. నేను గుట్టుగా మార్చేస్తే ఇక తేదీలు చక్కగా పడతాయి. "చూశారా, ఆవిడ పోగానే తప్పులూ పోయాయి" అంటారు. నా చేత్తో వేసిన బ్యాటరీయే ఆమెకు మతి చెడిందనడానికి సాక్ష్యం అవుతుంది.

సోమవారం అందరికన్నా ముందు వెళ్ళాను. అక్కయ్య కంప్యూటరును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మేనేజరునూ అక్కయ్యనూ దాని ముందుకు పిలిచి, "సార్, ఇవాళ తేదీ ఎంత?" అని అడిగాను.

"పదిహేడు. ఏం?"

స్విచ్చి వేశాను. హెచ్చరిక వచ్చింది. అక్కయ్య చెయ్యి అలవాటుగా వెళ్ళి మీట నొక్కింది. తెర మూలన పదిహేను అని పడింది, శనివారం సాయంత్రం ఐదూ నలభై. మేనేజరు తన చేతి గడియారం చూసుకున్నాడు. బ్యాటరీ సంగతి, మెయిన్ సంగతి చెప్పాను. "ఇది రెండు నెలలుగా నాకు తెలుసు. కోపంతో కావాలనే చెప్పలేదు. అదే ఇందులో రాసి సంతకం పెట్టాను" అని ఒక కాగితం ఆయన చేతిలో పెట్టాను. అక్కయ్య ఉత్తరం కొట్టలేదు, అది నా సంచిలోనే ఉంది.

ఆయన చదివి మడిచేశాడు. "ఇంతోటిదానికి కాగితాలెందుకమ్మా? బ్యాటరీ మార్చెయ్, నీకు చెయ్యి తిరిగిన పనే కదా."

"మారుస్తాను సార్. ఆమెకేమీ కాలేదని మీరు రాసిచ్చాక. వాళ్ళింటికి ఫోన్ చేసింది మీరే."

అక్కయ్య ఇంకా తెర మూలకే చూస్తోంది. "అయితే నాకేం కాలేదా?" అంది, ఎవరినీ అడగనట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసక్కయ్యా."

"నా చెయ్యి చూసిన రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

ఆమె వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. సాయంత్రం దాకా రిపోర్టులు కొడుతూనే ఉంది. మేనేజరు రాసిచ్చిన రెండు ముక్కల కాగితం సంచిలో పెట్టుకుని ఐదింటికి నా బల్ల దగ్గరికి వచ్చింది. "మా ఇంటికి రా. వచ్చి నువ్వే చెప్పు. కాగితం చూపించి నేను చెబితే నమ్మరు." నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తన బుర్ర బాగానే ఉందని తన ఇంట్లో చెప్పడానికి కూడా ఆమెకు ఇంకో మనిషి కావాలి, ఆ మనిషిని నేను.

వాళ్ళ హాల్లో కుర్చీ అంచున కూర్చుని మొదటి నుంచీ చెప్పాను, నా ఒట్టుతో సహా. కోడలు చంటిదాన్ని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. బావగారు అంతా విని గొంతు సవరించుకున్నారు.

"మెషిను సంగతి సరేనమ్మా. మరి మొన్న పాలు పొంగబెట్టింది, అదీ బ్యాటరీయేనా?"

"మా ఇంట్లో వారానికి రెండుసార్లు పొంగుతాయి బావగారూ. నన్నెవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు."

కోడలికి ఫక్కున నవ్వొచ్చింది. మరుక్షణమే ముఖం దించుకుంది. వచ్చి చంటిదాన్ని అత్తగారి ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. బావగారు కిటికీలోంచి వీధి చూడసాగారు.

అక్కయ్య పిల్లను ఎత్తుకునే గేటు దాకా వచ్చింది.

"నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోనక్కయ్యా."

నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలిచింది. తిరిగి వెళ్ళాను. ఒకసారి ఇంటి వైపు చూసి, లోపలివాళ్ళకు వినపడకుండా గొంతు బాగా తగ్గించి అడిగింది.

"రేపు మంగళవారమే కదే?"