గుంటలోకి దిగిన ముసలి పోతు

ఆ కరువేడు ఇరవై మైళ్లలో మా గొర్రెల గుంట తప్ప ఇంకెక్కడా నీటిచుక్క లేదు. పొద్దున్నే టీ పట్టుకుని గట్టు మీద కూర్చుంటే కంగారూలన్నీ అక్కడికే వచ్చేవి. నాకదే సినిమా. ఆ రోజు నా పక్కన మా ఆయన క్లారీ, మా మరిది మెర్వ్, క్లారీ కాళ్ల దగ్గర టిగ్ ఉన్నారు. టిగ్ మా గొర్రెల కుక్క. మిగిలింది అదొక్కటే. అది లేకపోతే ఎనిమిది వందల గొర్రెల్ని మేతకు తోలే దిక్కు లేదు మాకు.

అవతలి గట్టున రెండు పోతు కంగారూలు కొట్టుకుంటున్నాయి. ఒకటి చెవి తెగిన ముసలిది, ఏళ్లుగా నేనెరిగినదే. రెండోది పడుచుది. తోక మీద ఆనుకుని లేచి, రెండు కాళ్లతో పొట్టలో తన్నుతుంటే తడి గోనెసంచిని బాదినట్టు చప్పుడు. బొచ్చు ఎగిరిపడుతోంది. ముసలిదాని మూతి నిండా రక్తం.

"మా అన్నకంటే నయం వదినా, ఆ ముసలాడు ఇంకా నిలబడ్డాడు," అన్నాడు మెర్వ్.

"నువ్వెళ్లి విడదీయరా, ఎంతసేపు నిలబడతావో చూస్తా," అన్నాడు క్లారీ.

చివరికి ముసలిది ఓడి, కుంటుకుంటూ మా వైపే వచ్చింది. టిగ్ ఉరికింది. తరిమితే కంగారూ నీళ్లలోకే పోతుంది. ముసలిదీ దిగి, నడుముల్లోతున ఆగి, వెనక్కి తిరిగి నిలబడింది. టిగ్ ఒడ్డున ఆగి క్లారీ వైపు చూసింది.

నీళ్లలో నిలబడ్డ కంగారూ జోలికి పోకూడదని మా వైపు పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. క్లారీకి మరీ తెలుసు. కానీ గాబరాలో పొడుగు ఈల వేశాడు. వేయాల్సింది రెండు పొట్టి ఈలలు, అంటే వెనక్కి రమ్మని. పొడుగు ఈలంటే మందను చుట్టి ఎదురెళ్లమని. నలభై ఏళ్లు రోజూ వేసిన ఈలే నోటికొచ్చింది. మాట వినే కుక్క కదా, ఈదుకుంటూ చుట్టు తిరిగి నేరుగా దాని ఎదుటికే వెళ్లింది.

పోతు టిగ్‌ను రెండు చేతులా కౌగిలించుకుని నీళ్లలో ముంచేసింది.

క్లారీ బూట్లతోనే దూకాడు. పోతుది ఒక్కటే తన్ను. తొడ మోకాలి దాకా చీరుకుపోయింది. గుంట ఎర్రబడింది. నేను కంచెలోంచి ఇనుపగుంజ పీకి, నీళ్లలోకి దిగి, దాని భుజాన బాదాను. వదల్లేదు. మళ్లీ బాదాను. మూడో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడైంది. అప్పుడు వదిలింది.

ఒక పక్క టిగ్ కదలకుండా తేలుతోంది, ఇంకో పక్క క్లారీ మునుగుతున్నాడు. నాకున్నవి రెండే చేతులు. క్లారీ చొక్కా పట్టుకుని ఈడ్చాను. మెర్వ్ బెల్టు ఊడదీసి తొడకు బిగించాడు.

"కుక్కేదే?" అన్నాడు క్లారీ.

"ముందు నోర్మూసుకో," అన్నాను.

అరవై కుట్లు పడ్డాయి. టిగ్ లేక ఆ ఏడంతా గొర్రెల్ని నేనూ మెర్వూ కాలినడకనే తోలాం. అలిసిపోయి మధ్యాహ్నం ఇంటికొస్తే, మంచం మీద క్లారీ కళ్లు మూసుకుని నిద్రలోనే పెదాలు సున్నాలా చుట్టేవాడు. రెండు పొట్టి ఈలలు.

"వచ్చిందిలే, పడుకో," అనేదాన్ని.