చింతపండుతో తోమిన బోర్డు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. చెయ్యి నెమ్మది, అందుకని చిన్నదిగానే రాస్తున్నాను. ఇక మాట్లాడేది నేను కాదు, నా చేతిలోకి వచ్చిన ఒక బోర్డు.

నేను ఒక పాత వీడియో గేమ్ పెట్టెలోని సర్క్యూట్ బోర్డును. నా ఒంటినిండా వెంట్రుకల్లాంటి రాగి గీతలు. సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో నన్ను చేసినవాళ్ల మొహాలు నాకు గుర్తులేవు. వాళ్లకూ నేను గుర్తుండను. ఓడలో పనిచేసే ఒకాయన నన్ను కాకినాడ తెచ్చి, ప్యాంట్లు కుట్టిన కూలి కింద టైలర్ భాస్కరానికి ఇచ్చేశాడు. భాస్కరం పిల్లల కోసమని చెప్పి ఇంటికి పట్టుకెళ్లాడు. ఇలాంటివి మనుషులు పిల్లల పేరు చెప్పే తెచ్చుకుంటారు. ఆడింది ఆయనే. పగలంతా కత్తెర పట్టిన బొటనవేలు సాయంత్రం ఆట రిమోట్‌లోని ఎర్ర బటన్ మీద ఉండేది. అది నొక్కితే నా బొమ్మమనిషి గోతులు ఎగిరి దాటేవాడు.

పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. నేను అటకెక్కాను. ఉప్పుగాలికి నాలోని ఇనుము తుప్పుపట్టింది, రాగి మీద పచ్చటి చిలుము లేచింది.

పోయిన వానాకాలం భాస్కరానికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా ముద్దయింది. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమంటే, ఎడమచేత్తో దాన్ని గోడకేసి కొట్టాడు. కత్తెర పట్టలేని చేతికి బంతాట ఏమిటని ఆయన కోపం. అప్పుడు భార్య రత్నవేణికి నేను గుర్తొచ్చాను. ఆ బటన్ కోసమైనా వేలు కదులుతుందేమోనని ఆమె ఆశ. నన్ను దింపి, పెట్టె విప్పి, చిలుము చూసి, దేవుడి సామాను తోమినట్టే చింతపండు, ఉప్పు వేసి తోమింది. పుట్టినప్పుడు కూడా నేనంత మెరవలేదు. కానీ ఆ ఉప్పూ పులుపూ చిప్పుల కిందికి దిగి రాగిని కొరకడం మొదలుపెట్టాయి. పెట్టె పలకలేదు.

రత్నవేణి నన్ను ఖాదర్ వలీ రిపేరు కొట్టుకు తెచ్చింది.

"చింతపండేశారా? ఇదేమన్నా గంగాళమాండీ? కాస్త కరివేపాకు కూడా వేస్తే చారైపోను!" అన్నాడు ఖాదర్.

ఆమె నవ్వలేదు. "పడిపోయిన ఆయన చెయ్యి లేవడం దీని మీదే ఉంది బాబూ," అంది.

ఖాదర్ తలదించుకుని నన్ను అప్పయ్యమ్మ ముందు పెట్టాడు. ఆ కొట్లో తుప్పు తీసే పని ఆవిడదే. ఆవిడ భర్త కూడా పక్షవాతంతో మంచాన పడే పోయాడు. ముందు బ్యాటరీల్లో పోసే నీళ్లతో ఉప్పంతా కడిగింది. తర్వాత బ్రష్షు స్పిరిట్‌లో ముంచి రుద్దింది. గట్టిగా రుద్దితే గీతే లేచిపోతుంది; మెల్లగా రుద్దితే చిలుము వదలదు. నన్ను పట్టుకున్నంతసేపూ ఆవిడ ఊపిరి బిగబట్టే ఉంది. ఒక గీత అప్పటికే తెగిపోయింది. ఖాదర్ అక్కడ సన్నటి తీగ అతికాడు.

మర్నాడు రత్నవేణి భర్తను ఆటోలో తీసుకొచ్చింది. కొట్లోని టీవీలో బొమ్మ వచ్చింది. భాస్కరం ఎడమచేత్తో బొమ్మమనిషిని నడిపించాడు. గొయ్యి వచ్చింది. కుడి బొటనవేలు ఎర్ర బటన్ మీదే ఉంది, కానీ నొక్కలేదు. బొమ్మమనిషి పడ్డాడు. మళ్లీ పడ్డాడు. భాస్కరం రిమోట్ వదిలెయ్యబోయాడు. అప్పయ్యమ్మ తల పక్కకు తిప్పుకుంది.

రత్నవేణి ఆయన పక్కన కూర్చుని, ఆయన వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది. ఆలస్యమైంది. పడ్డాడు.

"ముందే... నొక్కాల," అన్నాడు భాస్కరం.

"ఏనాడన్నా నన్నాడనిచ్చారేటండీ, తెలీడానికి? ఎప్పుడో మీరే చెప్పండి."

గొయ్యి దగ్గరికొచ్చింది.

"ఇప్పుడు!"

దాటారు.

ఆయన వేలు కదిలిందో, ఆమె వేలే కదిపిందో నాకు తెలియదు. బటన్ నొక్కింది ఎవరో బోర్డుకు తెలియదు. నొక్కారన్నదే తెలుస్తుంది.

ఓలేటి అప్పయ్యమ్మ, అరవై నాలుగేళ్లు. సొంతూరు ఉప్పాడ. ఇప్పుడుంటున్నది కాకినాడ, జగన్నాథపురంలో.