నలుగురూ పలికితేనే

ఆ బట్టలుతికే కంపెనీలో ఆమెను అందరూ గుసగుస అనేవాళ్లు. పెట్టిన పేరొకటి ఉందిలెండి, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికి రాలేదు. రెండేళ్లుగా ఆమె గొంతులోంచి గాలి తప్ప ఇంకేమీ రావడం లేదు. ఉప్పు అందించమన్నా, ఇల్లు అంటుకుందన్నా ఒకటే స్థాయి. వినాలనుకున్నవాళ్లు తమ చెవిని తీసుకెళ్లి ఆమె పెదాల దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఆ లోటు తీర్చడానికన్నట్టు వదిన ఉంది. వదిన అంటే అన్న పెళ్లాం. ఇంట్లో ఇద్దరికీ పంచాల్సిన మాటలు దేవుడు తొందరలో ఒకరి నోట్లోనే కుమ్మరించి వెళ్లిపోయాడు. కూరల కొట్లో, బస్సులో, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు, గుసగుస నోరు తెరిచే లోపల వదిన జవాబు చెప్పేసేది. ఒకసారి డాక్టరుగారు గుసగుస వైపు తిరిగి, "ఏదీ, నోరు తెరవమ్మా" అంటే వదినే తెరిచింది. ఆయన అలవాటు కొద్దీ టార్చిలైటు వేసి చూసి, "గొంతు భేషుగ్గా ఉంది" అన్నాడు. తర్వాత తప్పు తెలుసుకుని గుసగుస గొంతు కూడా చూశాడు. అదీ భేషుగ్గానే ఉంది.

"అందరి ఆడపడుచులూ వదినల్ని సాధించుకు తింటారు" అని వదిన ఊరంతా చెప్పుకునేది. "నాకు దొరికింది చూడండి, పల్లెత్తు మాట అనదు. నేనెవరితో దెబ్బలాడాలి?"

గొంతు ఎందుకు పోయిందో ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట గుసగుస ఒక కాగితాల గోదాములో పనిచేసేది. ఓరోజు పొద్దున పదింటికి ఇనుప అర ఒకటి ఒరిగి, కాగితాల కట్టలన్నీ ఆమె మీద పడ్డాయి. ఎముకలేమీ విరగలేదు. కట్టలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని, మనిషి పట్టేంత సందు మిగిల్చి, మిగతా లోకాన్ని మూసేశాయి. ఆమె అరిచింది. సాయంత్రం ఏడింటి దాకా అరిచింది. బయట కాపలావాడు రేడియో వింటున్నాడు. ఏడింటికి యజమాని ఏదో రసీదు పుస్తకం కోసం వచ్చి, కట్టల కింద పాదం కనబడితే హడలిపోయి బయటికి లాగించాడు.

అందరికీ తెలియనిది ఇంకొకటుంది. మధ్యాహ్నం వదిన భోజనం క్యారేజీ పట్టుకుని గోదాముకు వచ్చింది. తలుపు బాది, "ఎక్కడికి పోయావే?" అని ఒక కేక వేసి, అక్కడే కాపలావాడితో తమ వీధి కుళాయి సంగతి పావుగంట మాట్లాడింది. లోపల గుసగుసకు ప్రతి మాటా వినబడింది. కుళాయి ఎప్పుడు పాడైందో, ఎవరు బాగుచేయలేదో కూడా వినబడింది. "వదినా! వదినా!" అని పిలుస్తూనే ఉంది. వదిన మాట్లాడుతోంది కాబట్టి వినలేదు. క్యారేజీ కాపలావాడికిచ్చి వెళ్లిపోయింది.

తొమ్మిది గంటలు పిలిస్తే ఒక్కరూ పలకకపోయేసరికి, ఇక పిలవడం దండగని ఆ గొంతు మానుకుంది. అంతే జరిగింది. ఆ పావుగంట సంగతి గుసగుస ఎప్పుడూ ఎత్తలేదు. వదినా అడగలేదు. ఎక్కడ అడగాల్సి వస్తుందోనన్న భయంతోనే వదిన మిగతా మాటలన్నీ మాట్లాడేస్తూ ఉండేది.

బట్టల కంపెనీలో ఉద్యోగం వదినే ఇప్పించింది. ఆస్పత్రుల నుంచి, హోటళ్ల నుంచి దుప్పట్లు వస్తాయక్కడ. కంపెనీ మధ్యలో పైదాకా గోడ. ఆ గోడలో గదంత పెద్ద మిషన్. గోడకు ఇవతల మాసిన బట్టల వైపు, అవతల ఉతికిన బట్టల వైపు. మిషన్‌కు రెండు తలుపులు. ఇవతలి తలుపులోంచి మాసినవి వేస్తారు, అవతలి తలుపులోంచి శుభ్రమైనవి తీస్తారు. డ్రమ్మును ఇనుప రేకు రెండు అరలుగా చేస్తుంది, తిరిగి ఆగినప్పుడు ఈ వైపు అర ఆ వైపుకు వెళ్తుంది. రేకు అడ్డం కాబట్టి ఈ వైపు నుంచి ఆ వైపు కనబడదు. తలుపు సరిగా మూయకపోతే మిషన్ తిరగకుండా ఆపే ఏర్పాటు ఒకప్పుడు ఉండేదట. అది పాడై ఎన్నాళ్లయిందో మేస్త్రికి కూడా గుర్తు లేదు. అందుకని గోడ మీద ఎర్ర రంగుతో రాసి పెట్టారు: "గట్టిగా పిలవవలెను. నలుగురూ పలికితేనే తిప్పవలెను."

ఇవతల మీట దగ్గరున్నవాళ్లు "తిప్పుతున్నా!" అనాలి. అవతల ఉన్న నలుగురూ, ఒకరి తర్వాత ఒకరు, "బయటే!" అనాలి, ఎవరూ డ్రమ్ములో లేరని తెలియడానికి. ఆ నలుగురిలో ఒకరు వదిన, ఒకరు ఇస్త్రీ తాత, మిగతా ఇద్దరు అక్కాచెల్లెళ్లు. ఆ అక్కాచెల్లెళ్లకు ఆర్నెల్లుగా మాటల్లేవు. దుప్పటి చెరో చివర పట్టుకుని, మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి, చివరలు కలిపి, మొహాలు తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లు.

మాసిన బట్టల వైపు పని ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి గుసగుసకు అదే దొరికింది. అంటే, పిలవాల్సింది ఆమే.

మొదటి వారం వదిన దీనికో ఉపాయం కనిపెట్టింది. అవతలి నుంచి ఇవతలికి పరుగెత్తుకొచ్చి, ఆడపడుచు తరఫున "తిప్పుతున్నా!" అని కేకేసి, మళ్లీ అవతలికి పరుగెత్తి, "బయటే!" అనేది. రోజుకు ఇరవైసార్లు. నాలుగో రోజు మేస్త్రి కంటబడింది.

"పిలిచేదీ నువ్వే, పలికేదీ నువ్వేనా?" అన్నాడు మేస్త్రి.

"ఎవరు పిలిస్తే ఏంటండీ, బట్టలు శుభ్రమవుతున్నాయా లేదా?"

"నువ్వు మధ్యలో ఎక్కడైనా జారి పడితే? నీకు నువ్వే కబురు పంపుకుంటావా?" ఆయన గుసగుస వైపు తిరిగాడు. ఆయన మంచివాడే, కాకపోతే మంచితనం బయటపడితే పని చెడుతుందని ఆయన నమ్మకం. "చూడమ్మా, ఈ నెలాఖరు దాకా ఆ కేక నేనే వేస్తాను. తర్వాత నువ్వే పిలవాలి. లేదంటే వేరే మనిషిని పెట్టుకుంటాను. ఇది నోటితో చేసే ఉద్యోగం."

గుసగుసకు ఆ ఉద్యోగం పోగొట్టుకోవాలని లేదు. ఇంట్లో ఉంటే రోజంతా వదిన తన బదులు మాట్లాడుతుంది. ఇక్కడ మధ్యలో గోడన్నా ఉంది.

మిషన్ తిరిగేటప్పుడు ఎంత రొద అంటే, తన ఊపిరి తనకే వినబడదు. ఎవరూ వినరని తెలిసిన ధైర్యంతో ఆమె ఓ మధ్యాహ్నం మిషన్‌తో పాటు చిన్నగా కూనిరాగం తీసింది. మాటలయితే గాలి వచ్చేది. రాగం తీస్తే గొంతు వచ్చింది! ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరు పాడారా అని.

మర్నాటికి దానికి మాటలు తగిలించింది. పాటేం కాదు, చేతిలో ఏది ఉంటే అదే. "దుప్పటీ దుప్పటీ, ఎవరు పొర్లారే నీ మీద? దిండు గలీబూ, ఎవరేడ్చారే నీ మీద?" శ్రుతి ఓ దారి, ఆమె ఓ దారి. కానీ ఆ రొదలో కడుపారా పాడుకుంది.

అవతల ఇస్త్రీ తాత చెవులు రిక్కించాడు. మేస్త్రిని పిలిచి, "మిషన్ బేరింగు పోయినట్టుంది. మూలుగుతోంది" అన్నాడు. మేస్త్రి మెకానిక్కును పిలిపించాడు. అతను మిషన్ సగం ఊడదీసి, డబ్బాడు నూనె పోసి, బిగించాడు. గుసగుస సిగ్గుతో రెండు రోజులు నోరు మూసుకుంది. మూలుగు ఆగిపోయింది. మెకానిక్కు తన పనితనం గురించి అందరికీ చెప్పుకున్నాడు. మూడో రోజు మూలుగు మళ్లీ మొదలైంది. పైగా అందులో "దిండు గలీబూ" అని స్పష్టంగా వినబడుతోంది.

ఇస్త్రీ తాత ఈసారి మేస్త్రిని పిలవలేదు. గోడ దగ్గరికొచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "అమ్మాయ్! పాడగలిగినదానివి పాడుతూనే పిలవరాదూ?" అని అరిచాడు.

మిషన్ ఆగాక గుసగుస మళ్లీ మాసిన దుప్పట్లు వేసి మీట దగ్గరికొచ్చింది. తర్వాత కళ్లు మూసుకుని, మిషన్ ఆగి ఉన్న ఆ నిశ్శబ్దంలో, వణుకుతూ, సాగదీస్తూ పాడింది. "తిప్పు... తున్నా... ఆ..."

"బయటే... ఏ..." అన్నాడు తాత, అదే రాగంలో, ఇంకాస్త అపస్వరం కలిపి. అక్క "బయటే" అని పాడింది. చెల్లెలు తన వంతు వచ్చేదాకా ఆగలేక గొంతు కలిపింది. ఇద్దరూ ఆర్నెల్ల తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్లీ తిప్పుకున్నారు. చివర్న వదిన "బయటే" అనబోయి, ఏడుపొచ్చి, ఆరున్నొక్క రాగం తీసింది. దాన్నీ జవాబుగానే లెక్కేశారు.

ఇవతల గుసగుస మాసిన దుప్పట్ల కుప్ప మీద కూర్చుండిపోయింది. పిలిస్తే పలికారు. నలుగురు పలికారు. ఆ రోజు ఆమె ఇరవై మూడుసార్లు పిలిచింది. అందులో రెండుసార్లు తిప్పడానికి బట్టలే లేవు.

మేస్త్రి మాత్రం తల పట్టుకున్నాడు. "ఇది కంపెనీయా, నాటకాల సంఘమా? నువ్వు రాగం ముగించేసరికి లారీ వెళ్లిపోతుంది. నెలాఖరుకు మామూలుగా, మాటలా పిలవాలి. నేనే పక్కన నిలబడి వింటాను."

నెలాఖరు రానే వచ్చింది. మేస్త్రి పక్కన నిలబడ్డాడు. ఆస్పత్రి లారీ బయట హారన్ కొడుతోంది. గుసగుస మాటలా అనడానికి మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ గాలే. ఇక చేసేది లేక, ఉద్యోగం పోతే పోయిందనుకుని పాడింది.

"బయటే... ఏ..." తాత.

"బయటే..." అక్కాచెల్లెళ్లు.

తర్వాత ఏమీ లేదు. గుసగుస మళ్లీ పాడింది. ముగ్గురే పలికారు.

"మీ వదిన ఎక్కడో కబుర్లలో పడి ఉంటుంది. పాట సంగతి తర్వాత చూద్దాం, ముందు నొక్కు" అన్నాడు మేస్త్రి. గుసగుస అడ్డంగా తలూపింది. లారీ మళ్లీ హారన్ కొట్టింది. మేస్త్రి విసుక్కుంటూ తనే మీట మీదికి చెయ్యి చాపాడు.

అడగకుండానే జవాబు చెప్పే మనిషి, నిద్రలో కూడా ఊకొట్టే మనిషి, అడిగితే పలకడం లేదు.

"చెయ్యి తియ్యరా!"

కంపెనీ కంపెనీ అంతా ఆగిపోయింది. మేస్త్రి చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఆ కేక ఎవరిదో ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తనను "రా" అన్నారని అర్థం కావడానికి మరికాసేపు పట్టింది. అప్పటికి ఆమె "వదినా!" అని అరుస్తూ గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లిపోయింది.

అవతలి తలుపులోంచి రెండు కాళ్లు వేలాడుతున్నాయి, ఒకదానికే చెప్పుంది. డ్రమ్ము అడుగున ఇరుక్కున్న దిండు గలీబు కోసం వదిన నడుము దాకా లోపలికి దూరింది. పని కోటు పట్టీ డ్రమ్ము చిల్లుల్లో చిక్కుకుంది. ముందుకీ వెనక్కీ లేదు. పక్కనే ఆరబెట్టే మిషన్ హోరు, ఎదురుగా ఇస్త్రీ ఆవిరి. ఎవరూ చూడలేదు. లోపల ఆమె గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. ఆ డ్రమ్ము అరుపులన్నీ మింగేసింది.

లాగి బయట పడేశాక వదిన నేల మీద కూర్చుని, ఆడపడుచును పట్టుకుని నోరు తెరిచింది. గాలి వచ్చింది. అంతే, ఇంకేమీ రాలేదు.

డాక్టరుగారు మూడు రోజులు మాట్లాడొద్దన్నారు. "ఎప్పటి నుంచమ్మా?" అని వదినను అడిగితే, "నిన్న పదకొండింటి నుంచండీ, అరిచి అరిచి పోయింది, వేడినీళ్లు తాగమంటే తాగదండీ" అని గుసగుస గడగడా చెప్పేసింది. వదిన కోపంగా చూసింది.

మేస్త్రి ఉద్యోగం ఊసెత్తలేదు. కొత్త చిక్కు ఇంకోటి వచ్చి పడింది మరి. వదినకు గొంతు లేదు, నలుగురూ పలకందే గుసగుస మీట నొక్కదు. "మనిషి కనబడుతూనే ఉందిగా!" అని మేస్త్రి అవతలి నుంచి మొత్తుకున్నా వినలేదు. గోడ మీద రాసినట్టే జరగాలంది. దాంతో ఆ మూడు రోజులూ వదిన ప్రతిసారీ గోడ చుట్టూ నడిచొచ్చి, ఆడపడుచు చెవిలో "బయటే" అని గుసగుసలాడి వెళ్లేది. రోజుకు ఇరవైసార్లు.

మూడో రోజు మధ్యాహ్నం అలా వచ్చిన వదిన "బయటే" అనలేదు. చెవి దగ్గరే ఆగిపోయింది.

"ఆ రోజు నేను క్యారేజీ తెచ్చినప్పుడు" అంది గాలితో. "నన్ను పిలిచావా?"

"పిలిచాను వదినా."

వదిన కళ్లు నిండాయి. "చాలాసార్లా?"

"చాలాసార్లు." గుసగుస కొంగుతో వదిన మొహం తుడిచింది. అవతల తాత, అక్కాచెల్లెళ్లు ఎప్పుడో పలికేసి ఎదురుచూస్తున్నారు. లారీ హారన్ కొడుతోంది. "ముందు ఇది చెప్పు. ఎక్కడున్నావు?"

"బయటే" అంది వదిన.

"వినబడింది" అంది ఆడపడుచు, కంపెనీ అంతా వినబడేట్టు. అని మీట నొక్కింది.