ఆయమ్మ వేషం

కింది అంతస్తు బాత్రూముల్లో మూడోదాని తూము మళ్ళీ పొంగింది. ఆయమ్మ మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి లాగితే తడిసి ముద్దయిన వెండి రంగు కాగితాలు, అట్టముక్కలు, ఎవరిదో సగం చిరిగిన పోలీసు టోపీ బయటికొచ్చాయి. రేపు స్కూల్లో వేషాల రోజు. సెలవులిచ్చే ముందు పిల్లలంతా తలా ఒక వేషం వేసుకుని రావాలి, స్టేజి ఎక్కి రెండు ముక్కలు మాట్లాడాలి, వచ్చిన పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఈ ఏడు దానికి 'మనకు మేలు చేసేవాళ్ళు' అని పేరు పెట్టారు. మేలు సంగతి దేవుడెరుగు, వారం రోజులుగా పిల్లలు కత్తిరించి పారేసిన చెత్తంతా వచ్చి ఈ తూముల్లోనే పడుతోంది.

ఆయమ్మ పొద్దున ఆరున్నరకు వచ్చింది. పన్నెండు గదులు ఊడ్చింది, రెండు వరండాలు తుడిచింది, యూకేజీలో కక్కుకున్న పిల్లాడికి ఒళ్ళు కడిగి బట్టలు మార్చింది. ఒంటిగంట దాటినా నోట్లో టీ చుక్క పడలేదు. తూము పొంగినా, పిల్లాడు కక్కినా, సుద్దముక్క దొరక్కపోయినా ఆ స్కూల్లో వినపడేది ఒకటే కేక, "ఆయమ్మా!" అని. పదకొండేళ్ళుగా అదే ఆమె పేరు. అసలు పేరు జీతం రిజిస్టరుకు తప్ప ఇంకెవరికీ పట్టలేదు.

చేతులు కడుక్కుంటూ ఉంటే మూడో క్లాసు టీచరమ్మ వచ్చి, గుమ్మం బయటే ముక్కు మూసుకుని నిలబడింది.

"ఆయమ్మా, మీ అమ్మాయి డ్రెస్సు ఏమైంది? క్లాసంతా తెచ్చేశారు. మీదొక్కటే మిగిలింది."

"రేపు పొద్దున్నే తెస్తానండీ మేడమ్."

"వారం నుంచీ ఇదే పాట. చూడు, నేనేం చెడ్డదాన్ని కాను. కానీ ఫీజు లేకుండా చదివే పిల్లలు అన్నిట్లోనూ ఉండాలని ఫారంలో రాసుంది, సంతకం పెట్టింది నువ్వే. రేపు మీ అమ్మాయి స్టేజి మీద కనపడకపోతే పైవాళ్ళు నన్ను పట్టుకుంటారు. బస్సు డ్రైవరు కొడుకు సంగతి తెలుసుగా?"

తెలియకేం. ఆటల రోజుకు తెల్ల బూట్లు లేవని ఆ పిల్లాడు ఇంట్లో ఉండిపోయాడు. కొత్త ఏడాది లిస్టులో వాడి పేరు లేదు. అడిగితే సీట్లు నిండిపోయాయన్నారు. ఇప్పుడు వాడు టైర్లకు గాలి కొట్టే చోట కూర్చుంటున్నాడు. ఆమె ఈ బాత్రూముల కంపు భరిస్తున్నదంతా ఆ ఒక్క సీటు కోసమే. కూతురు ఇక్కడ చదవాలి. అది తప్ప ఆమెకు వేరే కోరికంటూ లేదు.

కూతురికి ఇచ్చింది డాక్టరు వేషం. తెల్లకోటు వేసుకోవాలి, మెడలో గొట్టం వేలాడాలి. బట్టలు అద్దెకిచ్చే దుకాణంలో రోజుకు మూడు వందలన్నారు, పైగా డిపాజిట్ వెయ్యి. ఆమె జీతం ఏడు వేలు, గది అద్దెకే సగం పోతుంది, ఇవాళ చూస్తే ఇరవై ఆరో తారీఖు. మూడు రోజుల కిందట స్టాఫ్ రూంలో అడ్వాన్సు అడిగితే జీతాలమ్మాయి తల కూడా ఎత్తలేదు. పోనీ ఉన్న తెల్ల దుప్పటి కత్తిరించి కుడదామని కూర్చుంటే అది కోటూ కాలేదు, దుప్పటీ మిగల్లేదు. దాన్ని తొడుక్కుని కూతురు అద్దంలో చూసుకుని, "అమ్మా, నేను డాక్టర్నా, పేషెంటునా?" అంది. ఇద్దరూ నవ్వారు. తరవాత పిల్ల ఏడ్చింది.

పిల్లకు ఎనిమిదేళ్ళు. ఇంట్లో ముద్దుపేరు బుడంకాయ. స్కూలు గేటు దాటితే మాత్రం రోల్ నంబరు ఇరవై రెండు. గేటు లోపల ఆ పిల్ల తల్లిని అమ్మా అని పిలవకూడదు. మిగతా పిల్లలు చిన్నచూపు చూస్తారని, మీ అమ్మాయి మంచికే చెబుతున్నామని పిల్లను చేర్చిన రోజే ప్రిన్సిపాల్ మేడమ్ మెత్తగా చెప్పింది. ఆయమ్మ కూడా సరేనంది. మొదటిసారి కూతురు వరండాలో నిలబడి, "ఆయమ్మా, మంచినీళ్ళు" అన్నప్పుడు గ్లాసు చేతిలోంచి జారింది. తరవాత్తరవాత అలవాటైపోయింది. అలవాటు కాకపోతే మనిషి ఎట్లా బతుకుతాడు!

మూడు గంటలకు టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కు మూసుకోలేదు. గొంతులో తేనె కారుతోంది.

"ఆయమ్మా, ఒకసారి స్టాఫ్ రూంకి రావా? పర్లేదు, చెప్పులతోనే రా."

స్టాఫ్ రూంలో ఛైర్మన్ గారి మనవరాలు కుర్చీలో కాళ్ళూపుకుంటూ కూర్చుంది. బుడంకాయ క్లాసే. ముచ్చటైన పిల్ల, గర్వం తెలియనిది. బల్ల మీద కవరులో కొత్త తెల్లకోటు, మెడలో వేసుకునే ప్లాస్టిక్ గొట్టం ఉన్నాయి, అట్టచీటీ కూడా తెంపలేదు.

"క్లాసులో డాక్టర్లే పదకొండు మంది తేలారు," అంది టీచరమ్మ. "పైలట్లు తొమ్మిది. ఇంతమందిలో పాపకు ఫస్టు ఎట్లా వస్తుంది చెప్పు? వాళ్ళ తాతగారేమో ముందు వరసలో కూర్చుంటారు. అందుకని ఎవరికీ తట్టని వేషం ఆలోచించాను. ఆయమ్మ! నువ్వే! డ్యూటీలో వేసుకునే నీ నీలం కోటు ఒక్క పూట ఇచ్చావంటే, పాప డాక్టరు డ్రెస్సు మీ అమ్మాయి వేసుకుంటుంది. మళ్ళీ ఇవ్వక్కర్లేదు కూడా."

ఆయమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇచ్చేదేమో జేబు చిరిగిన నీలం కోటు, వచ్చేదేమో మడత నలగని తెల్లకోటు! ఇంతకంటే ఏం కావాలి? "అయ్యో, దానికేం భాగ్యం మేడమ్, ఉతికి ఇస్తా," అంది.

"ఆయమ్మా, నువ్వెట్లా నడుస్తావో చూపించవా?" అని పాప అడిగింది.

ఇదిగో, ఇక్కడే ఆమె చేసిన పొరపాటు. చూపించింది. చూపించడమంటే ఏదో మొక్కుబడిగా కాదు, మనసు పెట్టి నేర్పింది. ఏళ్ళ తరబడి తడి నేల మీద గొంతుక్కూర్చుని ఎడమ మోకాలు పట్టేసింది కదా, అందుకని ఆ కాలు కొంచెం ఈడుస్తుంది. "అట్లా కాదు బంగారూ, కుంటకూడదు, ఈడ్వాలి. బకెట్ ఇటు పక్కకి. ఆఁ, నడుం కొంచెం వంచు." బెంచీల మధ్య తుడిచేటప్పుడు ఏమంటావని పాప అడిగితే, "కాలెత్తు నాన్నా, కాలెత్తు బంగారం, తడిగా ఉంది జారతావ్," అని రాగం తీసి మరీ వినిపించింది. పాప అచ్చుగుద్దినట్టు అన్నది. టీచరమ్మ పగలబడి నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ కూడా, "అక్కా, అచ్చం నువ్వే! రేపట్నుంచీ నువ్వు ఇంట్లో కూర్చో, ఈ పాప డ్యూటీ చేస్తుంది," అన్నాడు. ఆయమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. నిజం చెప్పాలంటే ఆమెకు గొప్పగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళలో తన నడకను, తన మాటను ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు మరి.

సాయంత్రం ఇంట్లో బుడంకాయ తెల్లకోటు విప్పనంటే విప్పనంది. ప్లాస్టిక్ గొట్టం తల్లి గుండెకు ఆనించి, కళ్ళు మూసుకుని విన్నది.

"లోపల టకటకమంటోంది."

"అయితే బతికే ఉన్నానన్నమాట. ఫీజెంత డాక్టరమ్మా?"

"నీకు ఫ్రీ. ఆ మోకాలు చూపించు. ఇదేంటి, ఇంత వాచింది? నాలుగు రోజులు లీవు పెట్టాలి."

"సరేనమ్మా, మీరే చీటీ రాసిచ్చి మా ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పండి," అంటూ ఆయమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. చాలా రోజుల తరవాత ఆ గదిలో ఆ పూట సంతోషంగా గడిచింది.

మర్నాడు హాలు కిటకిటలాడింది. తల్లులూ తండ్రులూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ముందు వరసలో ఛైర్మన్ గారు, ఆయన పక్కన ప్రిన్సిపాల్ మేడమ్. ఆయమ్మ మామూలు బట్టల్లో వెనక తలుపు దగ్గర నిలబడింది. నీలం కోటు లేకపోయేసరికి ఇద్దరు ముగ్గురు తల్లులు ఆమెను ఎవరో పిల్ల తాలూకు అనుకుని పక్కకు జరిగి చోటిచ్చారు. స్టేజి పక్కన పిల్లలు బారుగా నిలుచున్నారు. డాక్టర్లలో మొదటిది బుడంకాయ. తల్లి వైపు చూసి, ఎవరూ చూడకుండా గొట్టం ఊపింది.

అంతలో ఛైర్మన్ గారి మనవరాలు స్టేజి ఎక్కింది. ఉతికిన నీలం కోటుకు పిన్నులు పెట్టి పొట్టి చేశారు. చేతిలో చీపురు, బకెట్. నాలుగడుగులు ఎడమ కాలు ఈడ్చేసరికే హాలంతా గొల్లుమంది. "కాలెత్తు నాన్నా, కాలెత్తు బంగారం!" అని రాగం తీసింది. పిల్లలు బెంచీలు బాదారు. "మన ఆయమ్మే! మన ఆయమ్మే!" అని అరిచారు. ఆయమ్మ కూడా నవ్వబోయింది. నిన్న నవ్వినట్టే.

కానీ పాప ఆగలేదు. బకెట్ కింద పెట్టి, చీపురు చంకలో ఇరికించుకుని, నడుం ఇంకా వంచి, ముందు వరస వైపు చెయ్యి చాచింది. ముక్కు ఎగబీల్చింది. "మేడమ్... మేడమ్... అడ్వాన్సు ఇప్పించండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటా మేడమ్!"

ఛైర్మన్ గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ బ్యాగులోంచి నోటు తీసి ఆ చేతిలో పెట్టింది. పాప దాన్ని కళ్ళకద్దుకుంది. ఇక చప్పట్లు చూడాలి!

ఆయమ్మకు తల కొట్టేసినట్టయింది. మొన్న స్టాఫ్ రూంలో గొంతు తగ్గించి, గోడ వైపు తిరిగి అడిగిన మాట అది. ఎవరూ వినలేదనుకుంది. విన్నారు. విని, రాసుకుని, పిల్లకు నేర్పి, మైకులో చెప్పించారు. తను మాత్రం ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. పట్టుకోలేదన్న సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పాలి? నీలం కోటు లేకపోయినా అందరూ వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నారు. చోటిచ్చిన తల్లి నెమ్మదిగా అవతలికి జరిగింది.

బుడంకాయ బారులోంచి బయటికొచ్చింది. టీచరమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, కుర్చీల మధ్యలోంచి తిన్నగా వెనక తలుపు దగ్గరికి నడిచింది.

"అమ్మా," అంది.

గట్టిగానే అంది. గేటు లోపల ఆ మాట రెండేళ్ళలో అదే మొదటిసారి. క్లాసు పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు.

"అమ్మా, నువ్వు అట్లాగే నడుస్తావా?"

"ఊఁ. ఆ నడక నేనే నేర్పానమ్మా."

"మరి ఆ చెయ్యి?"

ఆయమ్మ కూతురి మెడలో గొట్టం సరిచేసింది.

"ఆ చెయ్యి నేను నేర్పలేదు."

అదే సమయానికి స్టేజి మీద పాప తిరగబోయి పెద్దవాళ్ళ కోసం పక్కన పెట్టిన జ్యూసు ట్రేను తన్నింది. గ్లాసులన్నీ దొర్లాయి, ఎర్రటి నీళ్ళు మెట్ల మీదుగా కిందికి కారాయి. ఛైర్మన్ గారు గబుక్కున లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ మేడమ్ వెనక్కి తిరిగి, అలవాటు ప్రకారం కేకేసింది.

"ఆయమ్మా! తొందరగా రా, తుడువు! పిల్లలు జారి పడతారు!"

ఆయమ్మ కాలు తనంతట తనే ఒకడుగు ముందుకు పడింది. పదకొండేళ్ళ అలవాటు మరి. కానీ కొంగు వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు అక్కడే ఆగిపోయింది. ఎవరూ పట్టుకోలేదు. బుడంకాయ చేతులు తెల్లకోటు జేబుల్లోనే ఉన్నాయి.

"ఆయమ్మా! వినపడటం లేదా?"

"వినపడింది మేడమ్," అంది. "ఆయమ్మ స్టేజి మీదే ఉంది కదా. చీపురూ బకెట్టూ కూడా అక్కడే ఉన్నాయి. ఆమెనే తుడవమనండి."

ఒక్కరూ నవ్వలేదు. వాచ్‌మన్ తల దించుకున్నాడు. స్టేజి మీద పాప చేతిలో నోటు పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక తాత వంక చూస్తోంది. ప్రిన్సిపాల్ మేడమ్ ముఖం ఎర్రబడటం ఆయమ్మకు వెనక తలుపు దగ్గరికి కూడా కనపడింది. ఈ మాటకు ఖరీదు ఎంతో ఆమెకు తెలుసు. ఉద్యోగం పోతుంది, సీటూ పోతుంది. దానితోపాటు పిల్ల బతుకు ఏమవుతుందో బస్సు డ్రైవరు కొడుకును చూశాక వేరే చెప్పక్కర్లేదు. ఇంకా క్షణం మించిపోలేదు. పరిగెత్తుకెళ్ళి తుడిచి, పొరపాటైందండీ అంటే ఊరుకుంటారేమో. అయినా కాళ్ళు కదల్లేదు.

ఏం చెయ్యాలో తోచక టీచరమ్మ మైకు అందుకుని, కార్యక్రమం నడిపించెయ్యడమే మంచిదనుకుంది.

"తరవాత వచ్చేది డాక్టర్లు... రోల్ నంబర్ ఇరవై రెండు. రోల్ నంబర్ ఇరవై రెండు, స్టేజి మీదికి రా!"

బుడంకాయ తల్లి ముఖంలోకి చూసింది. వెళ్ళమని తల్లి అనలేదు.

"ఇరవై రెండు! ఎక్కడున్నావ్?" అని మైకు మూడోసారి పిలిచింది.