ఒక్కపొద్దు గుర్రం

గుర్రం పేరు షంషేర్. జ్ఞానప్రసూనాంబకు ఆ పేరు నోరు తిరగక "సంసారి" అని పిలిచేది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు వితంతువులు, ఒక గుర్రం. కాబట్టి ఆ మాట అనిపించుకోదగ్గ ప్రాణి నిజానికి అదొక్కటే.

ఇద్దరిలో చిన్నది బాలసరస్వతి. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోయాడు. అన్నగారి ఇంట్లో పచ్చళ్ళు రుబ్బుకుంటూ జీవితం వెళ్ళబుచ్చవలసిన మనిషి, ఎలాగో స్కూలు ఫైనలు గట్టెక్కి, గుంటూరులో పురుళ్ళు పోసే చదువు చదివి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు ప్రత్తిపాడు ప్రసూతి సెంటరులో నర్సమ్మగా చేరింది. అన్నగారు రాధాకృష్ణమూర్తి ఒంటరి ఆడదానికి తోడుండాలని మేనత్త జ్ఞానప్రసూనాంబను వెంట పంపాడు. తోడుకో కాపలాకో ఆయనకే తెలియాలి. అత్తయ్య మాత్రం ఒక కార్డు ముక్క రాసి పడేస్తే చాలు, ఆయన రెక్కపుచ్చుకుని వెనక్కి లాక్కుపోయేందుకు సిద్ధంగా ఉన్నాడు.

ఉద్యోగంలో ఉన్న చిక్కల్లా వాగు. సగం పల్లెలు దానికి అవతల ఉన్నాయి. అంతా నల్లరేగడి. వేసవిలో నెర్రెలిచ్చి పాదాలు కోసే ఆ నేల, వాన పడగానే ముద్దయి చెప్పులు ఊడలాక్కునేది. జట్కా అయితే ఇరుసు దాకా దిగబడుతుంది. ఒకసారి ఆఫీసువారి జీపు తన బలంతో తను వచ్చింది గానీ, తిరిగి వెళ్ళింది ఎద్దుల బలంతో. అంతకుముందున్న నర్సమ్మలు వానాకాలమంతా ఇవతలి గట్టునే కూర్చుని అవతలి వాళ్ళకు దేవుడున్నాడని చెప్పేవారు.

"ఈ వర్షాల్లో వాగు దాటలేకపోతే ఈ సెంటరు ఎత్తేసి ఇంకోచోట పెడతామమ్మా. నువ్వు ఇంటికి పోవాల్సిందే" అని తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ చెప్పి వెళ్ళింది.

ఇల్లంటే అన్నగారిల్లు. అన్నగారిల్లంటే రుబ్బురోలు. బాలసరస్వతి ఆ సాయంత్రమే గుర్రం కోసం మస్తాన్‌బీ ఇంటికి వెళ్ళింది.

మస్తాన్‌బీ మొగుడు హయాత్ మిరపకాయల వర్తకుల తరఫున కల్లాలు చూసొచ్చే మనిషి. పొద్దున ప్రత్తిపాడులో టీ తాగి, పొద్దుగూకేసరికి మార్టూరులో కల్లం మీద కాయ తుంచి వాసన చూసేవాడు. అంత దూరమూ ఆయన్ని మోసింది షంషేరే. ఆయన పోయాక దాన్ని జట్కాకు కట్టి చూశారు. అది జట్కాను బోర్లా వేసి, దాన్ని తోలే సాహెబును కాలవలో వేసి, తను మాత్రం ఇంటికి వచ్చేసింది.

"తోలుకుపోండమ్మా" అంది మస్తాన్‌బీ. "దానికి దారి కావాల, బండి గాదు."

బాలసరస్వతి పడుతూ లేస్తూ స్వారీ నేర్చుకుంది. గోచీ పోసి కట్టిన చీరతో ఆమె గుర్రం మీద కూర్చుంటే, జ్ఞానప్రసూనాంబ అరుగు మీంచి ఎగాదిగా చూసి, "మన కట్టు మడికోసమనుకున్నానే ఇన్నాళ్ళూ. గుర్రం కోసమన్నమాట!" అంది.

అంతా బాగానే ఉంది గానీ గుర్రం దాణా తినదు. గడ్డి కొరుకుతుంది, నీళ్ళు తాగుతుంది. ఉలవలు ఉడకేసి, గుగ్గిళ్ళు బేసిన్లో పోసి ముందు పెడితే మాత్రం మొహం పక్కకు తిప్పుకుని, కొత్తల్లుడు కంచం ముందు అలిగినట్టు నిలబడుతుంది. గడ్డితోనే రేగట్లోకి దింపితే సగం దారిలో ఆగిపోయి, ఎంత అదిలించినా కదలలేదు. పశువుల కాంపౌండరు నాలుక లాగి చూసి, వాము పెట్టమన్నాడు. వాము కూడా తినలేదు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఇదేమిటే, రెండు కళ్ళూ పెట్టుకుని మన పెట్టుపోతలకు వంకలు పెడుతోంది!" అంది అత్తయ్య.

ఒకరోజు బాలసరస్వతి ఏదో పురుడు పోసి మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరింది. అత్తయ్య మడి పూర్తి కాలేదు, వంట పొయ్యి మీదుంది. కడుపు కాలిపోతోంది. గుర్రం ముందు పెట్టిన బేసిన్లో గుగ్గిళ్ళు పొగలు కక్కుతున్నాయి. అటూ ఇటూ చూసి పిడికెడు తీసి నోట్లో వేసుకుంది. కమ్మగా ఉన్నాయి. ఇంకో పిడికెడుకి చెయ్యి చాచేసరికి గుర్రం ఆమె భుజాన్ని మూతితో పక్కకు తోసి, బేసిన్లో తల పెట్టి, అడుగు నాకేదాకా ఎత్తలేదు.

ఈ సంగతి చెబితే మస్తాన్‌బీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "అయ్యో, చెప్పడం మరిచిపోయా! మా ఆయన ముందు తను పిడికెడు తిని తర్వాత దానికి పెట్టేవాడు. పెట్టే చెయ్యి ముందు తినాల. రంజాన్ నెల్లో ఆయన ఒక్కపొద్దుంటే అదీ ఒక్కపొద్దే! పగలు గింజ ముట్టేది గాదు. ఒక్కపొద్దుండని మొగాళ్ళకి మా ముల్లాగారు దాన్ని చూపించి గడ్డిపెట్టేవాడు."

అప్పట్నించీ ఉలవలు ఉడకేసే పని అత్తయ్యది, ముందు తినే పని బాలసరస్వతిది. గుర్రం ఒళ్ళు నిగనిగలాడింది. బాలసరస్వతి ఒళ్ళూ కాస్త నిగనిగలాడిందని వీధిలో అనుకున్నారు.

తొలి ఏకాదశి రోజున తెల్లవారుతూనే గౌస్ బాషా వచ్చాడు. వాగవతల మిరప వేసుకునే రైతు. మొలలోతు బురద, తల నుంచి నీళ్ళు.

"నర్సమ్మగారూ! మా చాంద్‌బీకి నొప్పులండి. రాత్రి నుంచీ పడుతోంది."

"వాగెలా దాటావయ్యా?"

"ఈదానండి. మీరు ఈదలేరుగా." మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "పోయినేడు గూడా ఇట్టాగే వచ్చానమ్మా. అప్పుడున్న నర్సమ్మ వాగు చూసి గట్టు మీద కూలబడింది. బిడ్డ దక్కలా."

బాలసరస్వతి సంచీలో కత్తెర, దారం, డెట్టాలు, గుడ్డలు సర్దుకుంది. దూరం ఆమడ పైచిలుకు. రేగట్లో అయితే రెండామడల పెట్టు. గుర్రం కడుపు నిండితేగానీ పని జరగదు. అత్తయ్య అలవాటు చొప్పున ఉలవలు దింపి ఉంచింది. బాలసరస్వతి బేసిన్ పట్టుకుని గుర్రం ముందుకు వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

ఏకాదశి. పచ్చి మంచినీళ్ళు కూడా మధ్యాహ్నం దాటాకే.

ఆమెకు ఏకాదశి మీద భక్తి ఉందో, భయం ఉందో ఎన్నడూ తరచి చూసుకోలేదు. చిన్నవయసులోనే బొట్టుతోపాటు నెలలో కొన్ని రోజుల అన్నం కూడా తీసేసుకున్నారు, అంతే. కానీ ఇప్పుడు అరుగు మీద తులసిపూసలు తిప్పుతూ అత్తయ్య కూర్చునుంది. ఏకాదశి నాడు ఉలవలు తిన్నదని కార్డు ముక్క చేరితే అన్నగారు మొదటి బస్సుకే దిగుతాడు. తినకపోతే గుర్రం కదలదు, వాగు దాటడం ఉండదు, ఉద్యోగమూ ఉండదు. అవతల మనిషి నొప్పులు పడుతోంది.

వట్టి నోరు ఆడించి చూసింది. షంషేర్ దగ్గరికొచ్చి ఆమె మూతి వాసన చూసి, ఈ మాత్రం తెలియదనుకున్నావా అన్నట్టు తల వెనక్కి తీసుకుంది.

"నేను తింటానమ్మా, అటివ్వండి!" అంటూ గౌస్ బాషా బేసిన్ అందుకుని పిడికెడు నోట్లో కుక్కుకున్నాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి, అతని తలగుడ్డ పళ్ళతో పట్టి లాగి బురదలో పడేసింది.

"కొత్తచేతి కూడు తినదు" అంది బాలసరస్వతి నీరసంగా.

ఇంకెంతసేపు? బేసిన్ తీసుకుని, అత్తయ్యకు వీపు పెట్టి, పిడికెడు గుగ్గిళ్ళు నోట్లో పోసుకుంది. నమిలింది. చప్పుడు ఊరంతా వినపడుతున్నట్టనిపించింది. షంషేర్ బేసిన్లో తల దూర్చింది.

వెనక నుంచి తులసిపూసల టికటిక ఆగింది.

"అత్తయ్యా..."

"నేను జపంలో ఉన్నా. కళ్ళు మూసుకున్నా. నాకేం కనపడదు."

బాలసరస్వతి మూతి తుడుచుకుంది.

"ఉప్పు సరిపోయిందటే?" అంది అత్తయ్య కళ్ళు తెరవకుండానే.

"సరిపోయింది."

"దారికి ఇంకో మూట కట్టి గూట్లో పెట్టాను. మధ్యలో దానికి ఆకలేస్తే నిలబడిపోతుంది."

"దానికాకలేస్తే ముందు నేను..."

"అక్కడ నేనుంటానా చూడ్డానికి? ఫో, అక్కడ పిల్ల అల్లాడుతోంది. ఏకాదశి నెలకు రెండుసార్లు వస్తుంది."

కడుపునిండా తిన్న గుర్రాన్ని వెంటనే పరిగెత్తిస్తే పొట్టనొప్పి వస్తుంది. ఊరు దాటేదాకా నడిపించింది. తర్వాత పగ్గం వదిలింది. ఇరుపక్కలా అప్పుడే మొలకెత్తిన పత్తిచేలు, మిరప నారుమళ్ళు వాన నీళ్ళలో తడిసి ఉన్నాయి. రేగడి గిట్టలకు రోకళ్ళలా అంటుకుంటోంది. షంషేర్ కాళ్ళు విదిలించి ఆ ముద్దల్ని వెనక్కి విసిరేస్తూ పోయింది. వాటిలో ఎక్కువ భాగం గౌస్ బాషా మీద పడ్డాయి. పాపం, ఒకసారి కూడా పక్కకు తప్పుకోలేదు, వెనకబడిపోతానని.

వాగు ఎర్రగా పొంగుతోంది. బండ్లు దిగే రేవు దగ్గర బాలసరస్వతి కళ్ళెం బిగించింది. గుర్రం రేవు వైపు చూడనైనా చూడకుండా ఎగువకు తిరిగింది. ఆమె వెనక్కి లాగింది. అది ఇంకా ఎగువకు లాగింది.

"లాగమాకండమ్మా!" అరిచాడు గౌస్ బాషా. "హయాత్ మామ వానాకాలం ఆ తుమ్మచెట్ల కాడ దింపేవాడు. కింద రాయి ఉంటది. వదిలెయ్యండి దాన్ని!"

వదిలేసింది. వదిలెయ్యడం ఆమెకు అలవాటు లేని విద్య. గుర్రం నీళ్ళలో అడుగు పెట్టి, ఒక్కొక్క కాలే మోపి చూసుకుంటూ దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, సంచీ తలకెక్కింది. కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదడం గురించి పెద్దలు చెప్పారు గానీ గుర్రం తోక గురించి ఏమీ అనలేదు. గౌస్ బాషా దాన్ని రెండు చేతులా పట్టుకుని, అల్లాను ఒకసారి, హయాత్ మామను ఒకసారి తలుచుకుంటూ గట్టెక్కాడు.

అవతల ఒడ్డున, అత్తయ్య కట్టిన మూట విప్పి ఇద్దరూ తిన్నారు. ముందు నర్సమ్మ, తర్వాత గుర్రం.

చాంద్‌బీ గది గుమ్మంలో అత్తగారు కరీమున్ చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. లోపల చాంద్‌బీ పళ్ళ బిగువున చీరకొంగు కొరుకుతోంది.

"వచ్చారా?" అంది చాంద్‌బీ నమ్మలేనట్టు. "వాగు దాటొచ్చారా?"

"గుర్రం దాటింది, నేను కూర్చున్నాను. నువ్వు కొంగు వదిలి ఊపిరి తీసుకో."

బిడ్డ బయటికి వచ్చేసరికి మెడకు పేగు చుట్టుకుని ఉంది. బాలసరస్వతి వేలు దూర్చి దాన్ని తప్పించింది. బిడ్డ నీలంగా, మాటామంతీ లేకుండా పడి ఉంది. నోరు తుడిచింది, అరికాళ్ళ మీద కొట్టింది, వీపు రాసింది. అప్పుడు ఆ పిల్ల మొహం చిట్లించుకుని, ఇంత దూరం వచ్చి కొడతావా అన్నట్టు గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడుస్తోందా?" చాంద్‌బీ తల ఎత్తింది. "నిజంగా ఏడుస్తోందా?"

"ఇంకో ఏడాది పాటు నీకు ఆ సందేహం రాదులే" అంది బాలసరస్వతి. "ఆడపిల్ల."

బయట గౌస్ బాషా గోడకు ఆనుకుని కూలబడి, బురద చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి దాణా లేదు. కరీమున్ కుండెడు ఉలవలు ఉడకేసింది. తెచ్చి గుమ్మంలో పెట్టి, "మీరు మా ఇంట్లో ఏం ముట్టరు, తెలుసమ్మా. ఇది గుర్రానికే" అంది.

బాలసరస్వతి కుండలో చెయ్యి పెట్టి పిడికెడు తిన్నది. కరీమున్ నోరు తెరిచింది.

"గుర్రం కోసమే" అంది బాలసరస్వతి. తర్వాత ఇంకో పిడికెడు తిన్నది. అది గుర్రం కోసం కాదు. కరీమున్‌కు ఆ సంగతి తెలిసిపోయి, లోపలికెళ్ళి ఉప్పు, ఉల్లిపాయ తెచ్చింది.

వాన వెలిసింది. దారి చూపిస్తానని గౌస్ బాషా వాగు దాకా వచ్చాడు. రేవు దగ్గర ఒక గూడుబండి ఆగి ఉంది. పక్క పల్లె బాపయ్యదట. లోపల ఆయన కోడలు నిండు గర్భంతో దిండుకు ఆనుకుని కూర్చుంది. వర్షాలు ముదరకముందే కడుపుతో ఉన్నవాళ్ళను వాగు దాటించి, ప్రత్తిపాడు వైపు తెలిసినవాళ్ళ ఇళ్ళలో నెలల తరబడి ఉంచడం ఆ పల్లెల ఆనవాయితీ. ఈసారి వాన ముందే వచ్చింది. బండి పొద్దున్నించీ వాగు తగ్గుతుందని చూస్తోంది.

"ఏరా గౌసూ, ఏమైంది?" అన్నాడు బాపయ్య.

"ఆడపిల్లండి. ఇద్దరూ బాగుండారు. ఈ అమ్మే వచ్చి పోసింది."

"ఎట్టా వచ్చింది?"

గౌస్ బాషా గుర్రం వైపు చూపించాడు. బాపయ్య గుర్రాన్ని చూశాడు, పొంగే నీళ్ళను చూశాడు, గోచీ కట్టిన నర్సమ్మను కాసేపు చూశాడు.

"నడివానలో కబురెడితే గూడా వస్తావా అమ్మా?"

"గౌస్ బాషా కబురు నడివానలోనే వచ్చిందండి."

గూడులోంచి ఆ అమ్మాయి తల బయట పెట్టింది. "మావయ్యా, నేను ఇంటికి పోతా. అవతల వాళ్ళింట్లో చూరు కింద పడుకోవాల. నేను పోతా."

బాపయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే. తిప్పుదాం" అన్నాడు.

రేగట్లో బండి తిప్పడం మాటలు కాదు. ఎద్దులు ముందుకు గుంజాయి గానీ చక్రం కదల్లేదు. బాలసరస్వతి గుర్రాన్ని వదిలేసి, గోచీ బిగించి, ఎడమ చక్రానికి భుజం ఆనించింది. గౌస్ బాషా కుడి చక్రానికి. బాపయ్య ఎద్దుల్ని అదిలించాడు. చక్రం ఒకసారి మూలిగి, ముద్దముద్దగా రేగడిని వదిలించుకుని, మెల్లగా ఊరివైపు తిరిగింది.