కొత్త మిద్దెలో సాక్ష్యం

వేటపోతును కోయాలని రాజమోహన్, పప్పూ అన్నం చాలని భార్య సుగుణమ్మ. ఆత్మకూరులో కొత్తగా కట్టుకున్న మిద్దెలో పొద్దుటినుంచీ ఇదే వాదన. సాయంత్రం కృతజ్ఞత కూడిక. పాస్టరుగారితో పాటు సంఘమంతా వస్తుంది. బస్సు కండక్టరుగా పదిమందికీ తెలిసిన తాను పప్పన్నం పెట్టి పంపితే నవ్వుతారని రాజమోహన్ బాధ.

"అసలు కూడికే వద్దంటాండాను," అంది చివరికి సుగుణమ్మ. "నేను సాక్ష్యం చెప్పలేను."

రాజమోహన్ చప్పున ఆగిపోయాడు. వాళ్ల సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టిన ఇంటి ఇల్లాలు లేచి, ప్రభువు చేసిన మేలు తన నోటితో చెప్పాలి. ఆమె చెబుతున్నంతసేపూ పాస్టరైనా అడ్డు రాడు.

"మిద్దె కావాలని ఏడ్చింది ఎవురు? నేనా?"

"నేనే. మిద్దె ఉంటే ఇంక సంతోషమేననుకున్నా. బాడుగింట్లో గంజి తాగి మోకరించినా ప్రార్థన వచ్చేది. ఈడ కళ్లు మూస్తే దీనమ్మ మొఖం వస్తాండాది."

దీనమ్మ రాజమోహన్ చెల్లెలు. ఈ స్థలం ఇద్దరికీ చెరిసగమని వాళ్ల నాయన పోయేముందు అందరి ఎదుటా చెప్పాడు. మొగుడు చనిపోయాక తన సగంలో గుడిసె వేసుకుంటానని ఆమె ఉదయగిరి నుంచి వచ్చింది. తర్వాత చూద్దామని పంపేసి రాజమోహన్ స్థలమంతా పునాది తీయించాడు. ఇప్పుడామె ఉదయగిరిలో ఎవరిదో వసారాలో బిడ్డను పెట్టుకుని ఉంటోంది.

రాజమోహన్ గొంతు తగ్గించాడు. సంఘం ముందు తన పరువు తీస్తే ఈ ఇంట్లో సుగుణమ్మకు చోటుండదన్నాడు.

"ప్రభువు స్థలమిచ్చినాడు, మిద్దె ఇచ్చినాడు అని రెండు ముక్కలు చెప్పి కూర్చో. చాలు."

సుగుణమ్మ వంటింట్లోకి వెళ్లి బియ్యం కడగసాగింది. అతను అన్నంత పనీ చేయగలడని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం రాజమోహన్, అతని తల్లి మాణిక్యమ్మ, కొడుకులిద్దరూ అన్నాలకు కూర్చున్నారు. రాజమోహన్ కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు, సుగుణమ్మ తప్ప. మాణిక్యమ్మ కంచంలో చెయ్యి పెట్టకుండా కోడలి వైపు చూసింది.

"సాయంత్రం ఏం చెప్తావు తల్లీ?"

సుగుణమ్మ చిన్నవాడి కంచంలో అన్నం వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

"ఈ ఇంట్లో సగం దీనమ్మదని చెప్తా అత్తా. రేపు పొద్దున బస్సుకి ఉదయగిరి పోయి, నేనే ఆమెను పిల్చుకొస్తానని చెప్తా."