ఫెర్నాన్ ఈస్టు

బాస్తియాన్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒడిల్ వెంటనే మూత తీయనివ్వలేదు. దాన్ని కిటికీ వెలుతురుకి జరిపి, అడుగున పేరుకున్న మడ్డిని చూసింది. పలచగా, సమంగా ఉంది. మరీ సమంగా ఉందనిపించింది.

ఊరి చివర మూతపడిన పాలకేంద్రంలో బాస్తియాన్ బీరు కాయడం మొదలుపెట్టి రెండేళ్లయింది. కిందటి శరదృతువులో వచ్చి ఫెర్నాన్ ఈస్టు ఇమ్మని అడిగాడు. ఒడిల్ భర్త ఫెర్నాన్ ఏటా చలికాలంలో, పొలం పనులు లేని రోజుల్లో బీరు కాచి, వేసవిలో కోతలవాళ్లకు పోసేవాడు. ఆ ఈస్టు అతని తాతనాటిది. అతను పోయాక తొమ్మిదేళ్లుగా ఒడిల్ పది రోజులకోసారి బార్లీ రసం పోస్తూ దాన్ని జాడీలో కాపాడుతూ వచ్చింది. ఒక షరతు పెట్టి ఆ జాడీ అతనికిచ్చింది. ఆ ఈస్టుతోనే కాస్తే సీసా మీద తమ తియ్యోల్ పొలం పేరు వేసుకోవచ్చు. మరేది వాడినా వేయకూడదు. ఇవాళ ఆవిడ రుచి చూసి సరేనంటే సాయంత్రానికి చీటీలు అచ్చుకు వెళ్తాయి.

వేరే ఈస్టు తెస్తాడేమోనని చలికాలమంతా ఆవిడ కన్ను అతని మీదే ఉంది. అతని వ్యాను పట్నం వైపు ఎన్నిసార్లు వెళ్లిందో రొట్టెల కొట్టు ఆవిడని అడిగి తెలుసుకుంది. బీరు కాచే ఆవిరి వస్తున్నంతసేపు పాలకేంద్రం గోడ పక్కన నిలబడి వాసన చూసిన రోజూ ఉంది.

ఫెర్నాన్ వాళ్ల అన్న అషీల్ అప్పటికే జున్ను ముక్కలు ఆవాల ముద్దలో అద్దుకుని తింటున్నాడు.

"ఇంతసేపు పోలీసులు కూడా చూడరు, ఒడిల్. ఇక గ్లాసుల్లో పొయ్యి."

"మీకు దాహమైతే కుళాయి ఉంది, బావగారూ."

ఆవిడ గ్లాసు చన్నీళ్లతో కడిగి, తుడవకుండా, మడ్డి కదలకుండా వంచి పోసింది. నురగ గట్టిగా లేచింది. మిరియాల ఘాటు, నారింజ తొక్క వాసన. నాలుక మీద తీపి మచ్చుకైనా లేదు. ఎండలో పనిచేసి వచ్చినవాడు ఒక్క గుక్కలో తాగేసేలా ఉంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆవిడకి అదే నచ్చలేదు.

"ఎన్నో రోజున నిద్రపోయింది?" అని అడిగింది.

ఫెర్నాన్ ఈస్టుకి ఒక గుణం ఉంది. నాలుగు రోజులు కుతకుతలాడి, సగంలో ఆగిపోతుంది. తెలియనివాళ్లు బీరు పాడైందని పారబోస్తారు. ఆ ఇంట్లో మాత్రం పీపాని పశువుల కొట్టంలో వెచ్చటి చోటికి దొర్లించి, రెండు వారాలు దాని జోలికి వెళ్లరు. "పడుకుంది" అని ఫెర్నాన్ రాత్రి భోజనం దగ్గర గొంతు తగ్గించి చెప్పేవాడు. పడుకోని ఏడాది ఒక్కటీ లేదు.

బాస్తియాన్ ముఖం వెలిగింది. "నిద్రా? ఒక్క గంట కూడా ఆగలేదు, మదామ్. పదకొండో రోజుకల్లా పూర్తిగా పులిసింది."

ఒడిల్ గ్లాసు కింద పెట్టింది.

"అయితే ఇది మా ఇంటిది కాదు. కొట్లో కొన్న పొట్లంలోది. నా జాడీ ఎవరికి అమ్ముకున్నావు?"

అతను తల దించుకున్నాడు.

"పొట్లంలోదే. కానీ అమ్మలేదు, మదామ్. మీరిచ్చింది లేవలేదు. మూడుసార్లు కొత్త రసం పోశాను, వెచ్చబెట్టాను. పట్నంలో తెలిసినతనికిచ్చి సూక్ష్మదర్శినిలో చూపించాను. అందులో ప్రాణం లేదన్నాడు."

అషీల్ నమలడం ఆపాడు.

కిందటి వేసవిలో తుంటి ఆపరేషనై రెండు నెలలు ఒడిల్ ఇంట్లో లేదు. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. తిరిగొచ్చి జాడీ మూత తీసినప్పుడు రొట్టె వాసన రాలేదు, బంక వాసన వచ్చింది. రసం పోసి మూత బిగించింది. ఎవరికీ చెప్పలేదు. జాడీ బాస్తియాన్‌కి ఇచ్చేదాకా పది రోజులకోసారి తప్పకుండా పోస్తూనే ఉంది, కానీ ముక్కు దగ్గరికి తీసుకోవడం మానేసింది. చలికాలమంతా తను అనుమానించింది బాస్తియాన్ని కాదు, తన జాడీనేనని ఆవిడకి ఇప్పుడు అర్థమైంది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"దాన్ని తువాలులో చుట్టి ఇచ్చారు మదామ్, చలి తగలకుండా. ఎలా చెప్పను?"

అషీల్ గొంతు సవరించుకున్నాడు. బీరు బాగుంది, కుర్రాడు కష్టపడ్డాడు, ఊళ్లో తేడా పట్టేవాడు ఒక్కడు మిగల్లేదు అన్నాడు.

"పేరు వేసుకోనీ ఒడిల్. ఫెర్నాన్ వచ్చి అడుగుతాడా?"

"అడగలేడు. అందుకే వద్దంటున్నాను."

బాస్తియాన్ తెచ్చిన నమూనా చీటీ మీద పొలం పేరుని ఆవిడ పెన్సిలుతో అడ్డంగా కొట్టేసింది. దాని కింద అతని పేరు రాయబోయి, స్పెల్లింగు అడిగి మరీ రాసింది. అది అతని చేతికిచ్చి, అచ్చువాళ్లు అయిదింటికి మూసేస్తారు, బయల్దేరమంది.